చూపు ఎటు తిరిగితే అర్థం అటు!

పర్సు పోయింది. ఒకతని మీద అనుమానం. ఇదే మాట ఇంగ్లిష్‌లో చెప్పాల్సి వస్తే మనలో చాలామంది ‘ఐ డౌట్ దట్ హి టుక్ ఇట్’ అనేస్తాం. వినేవాళ్లకు మాత్రం ‘అతను తీసి ఉంటాడని నేననుకోవట్లేదు’ అని అర్థమవుతుంది. అంటే ఎవరి మీద అనుమానమో అతనికే మనం మంచోడని సర్టిఫికెట్ ఇచ్చేశామన్నమాట!

ఇక్కడ వాడాల్సింది ‘సస్పెక్ట్’. తెలుగులో రెండూ అనుమానాలే. కానీ సస్పెక్ట్ అంటే ‘అవునేమో’ అనే అనుమానం, డౌట్ అంటే ‘కాదేమో’ అనే అనుమానం.

ఈ సస్పెక్ట్‌కి పెద్ద కుటుంబమే ఉంది. లాటిన్‌లో ‘స్పెకెరె’ అంటే చూడటం. ‘స్పెక్ట్’ అనే ముక్క దాన్నుంచే వచ్చింది. కళ్లజోడుని స్పెక్టకిల్స్ అన్నా, మ్యాచ్ చూసేవాళ్లని స్పెక్టేటర్స్ అన్నా కారణం ఇదే. ముందు చేరే ముక్కను బట్టి చూపు ఎటు తిరిగిందో తెలుస్తుంది.

సస్పెక్ట్: ‘సబ్’ అంటే కింద. కింది నుంచి, ఎదుటివాళ్లకు తెలియకుండా చూడటం.

ఇన్‌స్పెక్ట్: లోపలికి చూడటం. అంటే తనిఖీ.

ఎక్స్‌పెక్ట్: ‘ఎక్స్’ అంటే బయటికి. గుమ్మంలో నిలబడి దారి వైపు చూస్తాం కదా, మన ఎదురుచూపు లాంటిదే. స్పెల్లింగ్‌లో ‘ఎక్స్’ తర్వాత మళ్లీ ‘ఎస్’ రాయకూడదు.

సర్కమ్‌స్పెక్ట్: ‘సర్కమ్’ అంటే చుట్టూ. ముందూవెనకా చూసుకుని అడుగేసే మనిషి.

ఇన్ రెట్రాస్పెక్ట్: ‘ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే’ అని.

డిస్పైజ్: ‘డి’ అంటే కిందికి. స్పెల్లింగ్‌లో ‘స్పెక్ట్’ కనిపించకపోయినా మూలం అదే. అచ్చం మన ‘చిన్నచూపు’. ఇంగ్లిష్‌లో ఇంకా ఘాటు, అసహ్యించుకోవడం దాకా వెళ్తుంది.

ఇక జాబ్ మెయిల్స్‌లో తికమకపెట్టే జంట ఒకటుంది. ‘ప్రో’ అంటే ముందుకు. కాబట్టి మనకు ఉద్యోగం ఇచ్చే అవకాశమున్న కంపెనీ ‘ప్రాస్పెక్టివ్ ఎంప్లాయర్’. ‘పర్’ అంటే గుండా. ఒక కోణం గుండా చూస్తే అది ‘పర్‌స్పెక్టివ్’, అంటే దృక్కోణం. ‘పర్‌స్పెక్టివ్ ఎంప్లాయర్’ అని రాస్తే స్పెల్ చెకర్ కూడా పట్టుకోకపోవచ్చు, ఎందుకంటే రెండూ సరైన పదాలే. అలాగే లెటర్ చివర రాయాల్సింది ‘యువర్స్ రెస్పెక్ట్‌ఫులీ’. ‘రెస్పెక్టివ్‌లీ’ అంటే ‘వరసగా ఎవరిది వారికి’ అని!

అన్నట్టు, ఈ కుటుంబానికి మన భాషలోనూ ఓ చుట్టముంది. ‘స్పష్టం’! సంస్కృతంలో చూడటాన్ని చెప్పే ‘స్పశ్’ ధాతువూ, లాటిన్ ‘స్పెకెరె’ ఒకే ప్రాచీన మూలం నుంచి వచ్చాయి. బాగా కనిపించేదే స్పష్టం.

ఒక్క జాగ్రత్త. మూలం తెలిస్తే అర్థాన్ని ఊహించొచ్చు, గుర్తుపెట్టుకోవచ్చు. కానీ వాడటం రావాలంటే పదాన్ని వాక్యంతో సహా నేర్చుకోవాల్సిందే. డౌట్, సస్పెక్ట్‌ల తేడా తెలిసింది వాక్యంలో పెట్టాకే కదా!

ఇప్పుడు మీ వంతు. ‘ఇంట్రో’ అంటే లోపలి వైపు. మరి ‘ఇంట్రాస్పెక్షన్’ అంటే? డిక్షనరీ తెరవకముందే ఊహించేశారా? అవును, తనలోకి తాను చూసుకోవడం. ఆత్మపరిశీలన!