ధైర్యం చాలదు, దమ్ము కావాలి

"మంటలార్పే ఫైర్‌మన్‌కు ముఖ్యంగా కావలసినదేమిటి?" అని మా నారాయణఖేడ్ పిల్లలను అడిగాను. "ధైర్యం సార్!" అన్నారందరూ. తప్పనలేను గాని, అది సగం జవాబే. "దమ్ము" అనే మాటకు మనవైపు ధైర్యమనీ, ఊపిరి అనీ రెండర్థాలున్నాయి గదా! మిగతా సగం ఆ రెండో అర్థంలో ఉంది.

2023 మార్చి 16 రాత్రి సికింద్రాబాద్‌లోని స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో అగ్నిప్రమాదం జరిగి ఆరుగురు మరణించారు. వారిని బలిగొన్నది పొగ. అటువంటి పొగలోకి వెళ్ళే ఫైర్‌మన్ వీపుకు ఒక సిలిండర్ తగిలించుకుంటాడు. అందులో ఉండేది ఆక్సిజన్ అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది అధిక పీడనంతో నింపిన మామూలు గాలే.

ఒక చిన్న లెక్క చేద్దాం. 6 లీటర్ల సిలిండర్‌లో వాతావరణ పీడనానికి 300 రెట్లు పీడనంతో గాలి నింపితే, బాయిల్ నియమం ప్రకారం బయట అది సుమారు 1800 లీటర్లవుతుంది. ఊరికే కూర్చున్న మనిషికి నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి చాలు. బరువుతో మెట్లెక్కేవాడికి 40 లీటర్లు కావచ్చు. బాగా ఆయాసపడితే 80 కూడా కావచ్చు. నిమిషానికి 40 లీటర్లయితే ఆ గాలి 45 నిమిషాలు వస్తుంది. 80 అయితే 22 నిమిషాలే! తిరిగి బయటపడడానికి కావలసిన గాలి కూడా అందులోనే మిగుల్చుకోవాలి.

ఇక బరువు సంగతి. 63 మిల్లీమీటర్ల వ్యాసం, 15 మీటర్ల పొడవు గల గొట్టంలో పట్టే నీరే సుమారు 47 కిలోలు. స్థూపం ఘనపరిమాణ సూత్రంతో మీరే సరిచూడండి. పైగా ఒంటిమీద మందపాటి దుస్తులు. చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు, గుండె మరింత వేగంగా కొట్టుకోవాలి. అమెరికాలో విధి నిర్వహణలో మరణించే అగ్నిమాపక సిబ్బందిలో సుమారు 45 శాతం గుండె జబ్బుతోనే మరణిస్తున్నారని 2007లో అక్కడి శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

క్రమం తప్పక పరుగెత్తేవాడి గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తం పంపుతుంది. కండరాలు ఆక్సిజన్‌ను బాగా వాడుకుంటాయి. అందువల్ల అదే పనిని అతడు తక్కువ ఆయాసంతో చేస్తాడు. అయితే ఈ శక్తి వారంలో రాదు. సాధన మానేస్తే మాత్రం కొద్ది వారాల్లోనే తగ్గిపోతుంది.

ఉద్యోగ ప్రకటన రాగానే మా ఊరి యువకులు తెల్లవారకముందే పరుగు మొదలుపెడతారు. ఉద్యోగం రాగానే మానేసిన నా పాత శిష్యులూ ఉన్నారు. కాని ఇరవై ఏళ్ళప్పుడు నెగ్గిన పరుగు యాభై ఏళ్ళ గుండెకు హామీ కాదు. యాభై దాటిన నాకు ఈ సంగతి బాగా తెలుసు! అనుభవం దారి చూపుతుంది గాని, సిలిండర్‌లో గాలిని పెంచదు. కాబట్టి ఫైర్‌మన్‌కు ఏటేటా దేహదారుఢ్య పరీక్ష, గుండె పరీక్ష జరగాలి. వ్యాయామానికి డ్యూటీ వేళల్లోనే సమయం ఇవ్వాలి. వెనుకబడినవారికి శిక్ష కాదు, శిక్షణ కావాలి.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది అసువులు బాశారు. ఏటా ఆ రోజున వారిని స్మరించుకుంటాం. ఇప్పుడు సేవలో ఉన్నవారి గుండెను, ఊపిరిని కాపాడుకోవడం కూడా ఆ స్మరణలో భాగం కావాలని నా అభిప్రాయం.

మీరూ ఒక ప్రయోగం చేయండి. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో లెక్కపెట్టండి. బడి మెట్లు రెండుసార్లు ఎక్కి దిగి మళ్ళీ లెక్కపెట్టండి. నెల రోజులు రోజూ పరుగెత్తి, ఆ తర్వాత మరోసారి చూడండి. ఆ రెండు లెక్కల మధ్య తేడాయే మీరు సంపాదించుకున్న దమ్ము.