‘దంగల్’ మెచ్చుకున్న వారానికే డోక్లాం

2017 జూన్ 9న కజకిస్తాన్ రాజధాని అస్తానాలో మోదీని కలిసిన చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్, ‘దంగల్’ చూశానని, తనకు నచ్చిందని చెప్పారు. అప్పటికి నెల రోజులుగా ఆ సినిమా చైనాలో ఆడుతోంది. స్వదేశంలో కంటే అక్కడే ఎక్కువ రాబట్టింది కూడా. వారం తిరిగిందో లేదో భూటాన్ సరిహద్దులోని డోక్లాంలో చైనా సైన్యం రోడ్డు పని మొదలుపెట్టింది. మన జవాన్లు అడ్డుకున్నారు. 73 రోజులు ఇరు సైన్యాలు ఎదురెదురుగా నిలబడ్డాయి.

సినిమాలు, పాటలు దేశాల మధ్య వంతెనలని దౌత్యవేత్తలు వేదికల మీద చెబుతూనే ఉంటారు. ఉద్రిక్తత పెరిగినప్పుడు మొదట తెగేవి ఆ వంతెనలే. అమెరికా ‘థాడ్’ క్షిపణి రక్షణ వ్యవస్థను మోహరిస్తామని 2016 జులైలో దక్షిణ కొరియా ప్రకటించాక ఏం జరిగిందో చూడండి. అది చైనాకు నచ్చలేదు. అక్కడ కొరియా గాయకుల కచేరీలు ఒక్కొక్కటిగా రద్దయ్యాయి. శాస్త్రీయ గాయని సుమీ జోకూ మినహాయింపు దొరకలేదు. ఆమె పాటకూ క్షిపణులకూ ఏం సంబంధమో! నిషేధం ఉందని బీజింగ్ ఏనాడూ ఒప్పుకోలేదు. థాడ్‌కు తన గోల్ఫ్ మైదానం ఇచ్చిన కొరియా సంస్థ లోట్టేకు చైనాలో ఉన్న దుకాణాలకు మాత్రం ఉన్నట్టుండి అగ్నిమాపక తనిఖీలు మొదలయ్యాయి, తాళాలు పడ్డాయి. కొరియాకు వచ్చే చైనా పర్యాటకులు 2016లో 80 లక్షలుండగా, మరుసటి ఏడాది దాదాపు సగానికి పడిపోయారు.

అయినా కొరియా మెమరీ చిప్‌ల జోలికి ఎవరూ పోలేదు. అవి రాకపోతే చైనా ఫోన్ల ఫ్యాక్టరీలే మూతపడతాయి. పాటను ఆపితే ఆపినవాడికి పెద్దగా పోయేదేమీ లేదు. అందుకే దాన్ని కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టారు. కొరియా థాడ్‌ను వెనక్కి తీసుకోలేదు. చైనా మార్కెట్ మూసుకున్నా 2018లో కొరియా పాప్ బృందం బీటీఎస్ ఆల్బమ్ అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి చేరింది.

ఈ లెక్క చైనా ఒక్కదానిదే కాదు. 2020 జూన్‌లో గల్వాన్‌లో చైనాతో ఘర్షణలో 20 మంది సైనికులను కోల్పోయిన రెండు వారాలకు మనమూ టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లను నిషేధించాం. పల్లెటూళ్లలో వీడియోలు చేసుకునేవాళ్ల ఖాతాలు రాత్రికి రాత్రే పోయాయి. హైదరాబాద్ బల్క్ డ్రగ్ పరిశ్రమకు చైనా నుంచి రావాల్సిన ముడిసరుకు మాత్రం వస్తూనే ఉంది. 2025లో చైనీయులకు పర్యాటక వీసాలు మళ్లీ మొదలయ్యాయి, అక్టోబరులో నేరుగా విమానాలూ ఎగిరాయి. టిక్‌టాక్ మీద నిషేధం అప్పటికీ తొలగలేదు.