పరదేశ గృహక్రయము: ఒక్క మాట వెల

చిలమకూరు ప్రాంతము వారికి రాతిని గూర్చియు మన్నును గూర్చియు నెవ్వరును పాఠము చెప్పనక్కరలేదు. కడపబండ కొనువాడు తట్టి మ్రోత వినిగాని బేరమాడడు. నల్లరేగడిలో నిల్లు కట్టువాడు గట్టినేల తగులువరకు పునాది త్రవ్వించును. ఎద్దును కొనువాడు పండ్లు చూచును. ఇంత మెలకువగల కుటుంబములే, కుమారుడు డల్లాసు ప్రాంతమున నిల్లు కొనుచున్నాడన్న వార్త రాగానే పొలమమ్మి సొమ్ము పంపి, ఆ యింటి స్థితిని గూర్చి యొక్క ప్రశ్నయైన వేయకుండుట మాకు మిక్కిలి వింతగా దోచుచున్నది. భారత రిజర్వు బ్యాంకు నియమము ననుసరించి ఆర్థిక సంవత్సరమున నొక్కొక్కరు 2,50,000 డాలర్లవరకు విదేశమునకు పంపవచ్చును. అది యెట్టి గోడలలో పడుచున్నదో యడుగుట పంపువాని హక్కు.

గృహవిక్రయ ప్రకటనలలోని మాటలు రెండు తెగలు. ‘మూవ్ ఇన్ రెడీ’ యనగా నేడే కాపురము పెట్టవచ్చునని. ‘ఫిక్సర్ అప్పర్’ అనగా మరమ్మతులు పెక్కులు గలవని. ఇవి అంగడివాని కేకలు. వీనిని నమ్మినను నమ్మకున్నను చట్టమునకు పట్టదు. ‘యాజ్ ఈజ్’ అన్నది యట్టిది కాదు. ‘ఉన్నది ఉన్నట్లు’ అని దాని యర్థము. టెక్సాస్ రాష్ట్రపు గృహక్రయ ప్రామాణిక పత్రమున నీ మాటకు నిర్వచనమే కలదు: సమస్త లోపములతో, ఇంటి స్థితికి విక్రేత పూచీ లేకుండ, నేటి స్థితిలో స్వీకరించుట యని. ప్రకటనలో నీ మాట లేకున్నను పత్రములో నుండును. విక్రేత తెలిసి దాచిన లోపమునకిది కవచము గాదు. కాని దాచెనని రుజువు చేయు భారము కొన్నవానిదే.

అట్లని కొనువాడు నిస్సహాయుడు కాడు. కొంత రుసుము చెల్లించి, పత్రమున వ్రాసికొన్న కొలది దినములలో నేకారణము లేకయే బేరము విడనాడు హక్కును సంపాదింపవచ్చును. దీనిని ‘ఆప్షన్ పీరియడ్’ అందురు. ఆ దినములలోనే లైసెన్సుగల పరీక్షకునిచే నిల్లు చూపించి, మరమ్మతులకో ధర తగ్గింపునకో పట్టుపట్టవలయును. గడువు దాటెనా, ఆ హక్కు పోయినట్లే. 2021 ప్రాంతమున బేరముల పోటీలో పలువురు పరీక్షనే వదలుకొని యిండ్లు కొనిరి. ఎద్దు పండ్లు చూచు జాతి యిట్టి తొందరకు లోబడదగునా?

ఇక నేల సంగతి. డల్లాసు పరిసరముల నల్లమట్టి మన రేగడికి తోడబుట్టినదే. ‘హ్యూస్టన్ బ్లాక్’ అను పేర నది టెక్సాస్ రాష్ట్రమున ప్రసిద్ధము. వానకు పొంగును, ఎండకు నెఱ్ఱెలువాఱును. అచ్చటి యిండ్లు తఱచుగా నేలపై పఱచిన కాంక్రీటు పలకమీద నిలుచును. వేసవిలో పునాది చుట్టును గొట్టములతో తడుపుట యచ్చట సామాన్యము. కావున తలుపు మూతపడుటలేదనియు, కిటికీ మూలనుండి యేటవాలుగా బీట వాఱినదనియు పరీక్షకుడు వ్రాసినచో, దాని తీవ్రతను కొడుకుకంటె తండ్రియే ముందుగా గ్రహించును. ఆ నివేదికను ఫోనులో నాతనికి చదివి వినిపింపుడు!

కొత్తయిల్లు గదా, చింత యేల యందురు. పాత యింటిని అమ్మువాడు తనకు తెలిసిన లోపములను వ్రాసియియ్యవలెనని టెక్సాస్ చట్టము విధించుచున్నది. ఎవ్వరును కాపురముండని కొత్త యింటికి ఆ విధి లేదు. గుత్తదారుడిచ్చు వాగ్దానము సామాన్యముగా పనితనమునకొక యేడు, గొట్టములు తీగలు మొదలగువానికి రెండేండ్లు, కట్టడపు మూలబలమునకు పదియేండ్లు. ఈ మూడవదాని నిర్వచనము మిక్కిలి ఇఱుకు. గోడపై సన్నబీటలు సామాన్యముగా నందులోనికి రావు.

ఇంగ్లండు కథ వేఱు. అచ్చట సర్వేయరు నివేదికలో నొక్కొక్క భాగమునకు 1, 2, 3 అని స్థితిసంఖ్య వేయుదురు. మార్కుల కలవాటుపడిన మనవారు 3 చూచి సంతసింతురేమో. అది యెఱ్ఱగుర్తు, వెంటనే చూడవలసిన లోపము. సర్వే తరగతులలో మాత్రము మూడవదే మిక్కిలి లోతైన పరీక్ష. బ్యాంకు వేయించు విలువకట్టుడు తన యప్పు రక్షణకేకాని కొనువాని రక్షణకు గాదు. మఱియొక చోద్యము: కొనువాడు సామాన్య శ్రద్ధతో కనుగొనజాలని, తనకు తెలిసిన ముఖ్యలోపమును విక్రేత చెప్పితీరవలెనని ఆంగ్ల ప్రభుత్వమే 1882 ఆస్తి బదలాయింపు చట్టపు 55వ సెక్షనున మనకు వ్రాసిపెట్టినది. తమ దేశమున మాత్రము, ఇంటి స్థితి విషయమున, కొనువాడే జాగ్రత్తపడవలెనను పాతసూత్రమును నిలుపుకొనిరి. మన చట్టమునకలవాటుపడి, చెప్పలేదు గనుక లోపము లేదని యచ్చట తలంచువాడు మోసపోవును.

ఉత్తర అమెరికా తెలుగు సంఘము 1977లో నేర్పడి రెండేండ్లకొకసారి మహాసభలు జరుపుచున్నది. వచ్చు సభకైనను ఈ పత్రముల మాటలకు తెలుగర్థములు, గడువులు, అడుగదగిన ప్రశ్నలతో నొక చిన్న పొత్తము ముద్రించి, పిల్లలకు మాత్రమే కాక, పొలమమ్మిన తల్లిదండ్రులకు గూడ నూళ్లకు పంపవలెనని మేము కోరుచున్నాము. సంతకమునకు ముందే యది వారి చేతికందవలయును.