ఒక్క మాటలో చరిత్రము

పాఠశాల వార్షికోత్సవములలో పాటల పోటీతోను వక్తృత్వపు పోటీతోను పాటు చరిత్ర ప్రశ్నల పోటీయు జరుగుట వాడుక. ఉపాధ్యాయుడు చీటి విప్పి ప్రశ్న చదువును. బాలు డొకడు లేచి ఒక్క మాటలో సమాధానము చెప్పును. చప్పట్లు మ్రోగును. ఆ చప్పట్లు సద్దుమణుగకముందే రెండవ చీటి విప్పబడును. భారతదేశమును కనుగొన్న దెవరు? వాస్కో డ గామా. రుద్రమదేవిని దర్శించిన విదేశీయాత్రికు డెవరు? మార్కో పోలో. పొట్టి శ్రీరాములు ఏ రాష్ట్రముకొరకు ప్రాణము లర్పించెను? ఆంధ్రప్రదేశ్. మూడు ప్రశ్నలకును మూడు మార్కులు వచ్చినవి. మూడు సమాధానములును తప్పులే.

ఈ తప్పులకు బాలుని నిందించుట న్యాయము కాదు. ఎచ్చటనో చదివినదానిని, ఎవరో చెప్పగా వినినదానిని అతడు శ్రద్ధతో నేర్చుకొని వచ్చినాడు. దోషము ప్రశ్నలోనే యున్నది. ఒక్క మాటలో నిముడు సమాధానమును కోరు ప్రశ్న, ఆ మాటకు ప్రాణమైన తక్కిన మాటలను కోసివేయును. “మొదటి”, “కనుగొనెను”, “దర్శించెను”, “కొరకు” అను మాటలు వచ్చినచోట నెల్ల చరిత్ర విద్యార్థి ఒక నిమిష మాగి ఆలోచింపవలెను. పోటీలు మానుకొనవలెనని దీని యర్థము కాదు. పానిపట్టు యుద్ధములు మూడును ఏయే సంవత్సరములలో జరిగెనని అడిగినచో 1526, 1556, 1761 అని తడుముకొనక చెప్పగల బాలునకు కాలక్రమము చేతికి చిక్కును. తేదీలు చరిత్రమునకు గుంజలవంటివి. గుంజలు లేక పందిరి నిలువదు. కాని గుంజలు పాతినంతమాత్రమున పందిరి వేసినట్లు కాదు.

వాస్కో డ గామా సంగతి చూడుడు. అతడు 1497 జూలై నెలలో లిస్బను రేవును విడిచి, ఆఫ్రికా ఖండపు దక్షిణపుకొనను చుట్టి, ఆ ఖండపు తూర్పుతీరమున మలిందీ యను రేవున దారి తెలిసిన నావికుని ఒకనిని తోడు తీసికొని, 1498 మే 20వ తేదీన కేరళతీరమున కాలికట్టు సమీపమునకు చేరెను. ఆ పట్టణమునే నేడు కోళిక్కోడ్ అందురు. అప్పటికే అచ్చట సామూదిరి యను రాజు పాలించుచుండెను. అరబ్బు వర్తకులు మిరియములు కొనుచుండిరి. అంగళ్లు కళకళలాడుచుండెను. ఇంటిలో దీపము వెలుగుచుండగా, గృహస్థుడు భోజనము చేయుచుండగా, వాకిట నిలిచి తలుపు తట్టినవాడు ఆ యింటిని కనుగొనె ననుట ఎట్టిదో ఇదియు నట్టిదే. వాస్కో డ గామా సాధించినది సామాన్యమైనది కాదు. ఐరోపానుండి భారతదేశమునకు ఆఫ్రికాను చుట్టి వచ్చు సముద్రమార్గమున అతడు నావలను నడిపి చూపెను. “సముద్రమార్గము” అను మాటను విడిచి “భారతదేశము” అను మాటను మాత్రము నిలుపుటచేత తప్పు పుట్టినది.

కాలికట్టువలెనే తెలుగుతీరమునను అప్పటికే విదేశ వాణిజ్యము సాగుచుండెను. అందుకు రాతిపై చెక్కిన సాక్ష్యము కలదు. నేటి బాపట్ల జిల్లాలో మోటుపల్లి యను చిన్న గ్రామ మున్నది. కాకతీయుల కాలమున అది గొప్ప రేవుపట్టణము. గణపతిదేవుడు 1244-45 ప్రాంతమున అచ్చట ఒక శాసనము వేయించెను. తుపానులో చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకునంతయు పూర్వపు రాజులు బలాత్కారముగా తీసికొనుచుండిరి. గణపతిదేవుడు ఆ యాచారమును మాన్పి, న్యాయమైన సుంకమును మాత్రమే పుచ్చుకొందునని దేశదేశముల వర్తకులకు అభయ మిచ్చెను. చందనము, కర్పూరము, ముత్యములు, పట్టు మున్నగు సరకులు ఆ శాసనమున పేర్కొనబడినవి. వాస్కో డ గామా ప్రయాణమునకు ఇంచుమించు రెండువందల యేబది యేండ్లకు పూర్వపు మాట ఇది. ఒక రేవునకు వచ్చు పరదేశులకొరకు రాజు శాసనము వేయించెననగా, ఆ రేవు ఎవరును కనుగొనక మరుగుపడియున్న తావు కాదని వేరుగ చెప్పనక్కరలేదు.

రెండవ ప్రశ్నయు ఈ మోటుపల్లికే సంబంధించినది. వెనిసు నగరవాసియైన మార్కో పోలో చాలకాలము చీనాలో నుండి, 1292 ప్రాంతమున సముద్రమార్గమున స్వదేశమునకు తిరుగుప్రయాణమయ్యెను. అటుపిమ్మట 1298లో జెనోవా నగరమున చెరసాలలో నుండగా తన ప్రయాణముల వృత్తాంతమును తోడిఖైదీకి చెప్పి వ్రాయించెను. ఆ గ్రంథమున మోటుపల్లి “ముత్ఫిలి” యను పేరుతో కానవచ్చును. ఆ దేశమును మిక్కిలి వివేకవతియైన రాణి యొకతె పాలించుచున్నదనియు, ఆమె భర్తయైన రాజు మరణించి నలువది యేండ్లయినదనియు, నాటినుండియు ఆమెయే న్యాయముగా రాజ్యము నడుపుచున్నదనియు అతడు చెప్పెను. ఆ రాణిని తాను దర్శించితినని మాత్రము ఎచ్చటను చెప్పలేదు.

ఈ మాటల నాధారముగా గొని తొలినాటి చరిత్రకారులు కొందరు రుద్రమదేవిని గణపతిదేవుని భార్యగా వ్రాసిరి. ఆ తప్పు కొంతకాలము పుస్తకమునుండి పుస్తకమునకు ప్రాకుచు పోయెను. పెదతండ్రికిని మేనమామకును గల భేదము తెలుగింటి పసివానికి సైత మెరుకయే. అట్టిచో ఒక మహారాణికి తండ్రియైనవానిని భర్తగా చదువుట ఎంత విపరీతము! ఆ చిక్కు విడదీసినవి శాసనములు. గుంటూరు ప్రాంతమున మందడమునకు సమీపమున 1261 నాటి మల్కాపురము శాసనమున రుద్రమదేవి గణపతిదేవుని కుమార్తె యని స్పష్టముగా నున్నది. విశ్వేశ్వరశివాచార్యుడను గురువునకు మందడము, వెలగపూడి గ్రామముల నిచ్చిన సంగతిని, ఆ ఆదాయముతో మఠమును, విద్యాలయమును, వైద్యశాలను, ప్రసూతిశాలను నడపిన సంగతిని ఆ శాసనము తెలుపును. ఆ వెలగపూడిలోనే 2016 నుండి ఆంధ్రప్రదేశ్ సచివాలయము పనిచేయుచున్నది. రుద్రమదేవి భర్త నిడదవోలు చాళుక్యవంశీయుడైన వీరభద్రుడు. గణపతిదేవుడు ఆమెను కుమారునివలె పెంచి, రుద్రదేవమహారాజను పురుషనామముతో రాజ్యమున నిలిపెను. ఆమె తరువాత రాజైన ప్రతాపరుద్రుడు ఆమెకు కూతురి కుమారుడు.

మార్కో పోలో అబద్ధమాడినాడా? అట్లనరాదు. అతడు రేవులలో వర్తకుల నోట వినినదానిని చెప్పెను. ఒక స్త్రీ సింహాసన మెక్కినదన్నచో, ఆమె చనిపోయిన రాజునకు భార్యయై యుండునని పరదేశి తలచుట వింత కాదు. ఆ దేశపు వస్త్రములు సాలెగూటివలె సన్ననివని అతడు మెచ్చెను. వర్తకుడు గదా, సరకు విషయమున అతని కన్ను పొరబడలేదు. కాని ఆ ప్రకరణమునందే, పాములు నిండిన లోయలలోనికి మాంసపుముద్దలు విసరుదురనియు, వానికి వజ్రము లంటుకొనుననియు, గద్దలు ఆ ముద్దలను తన్నుకొనిపోగా జనులు వెంబడించి వజ్రముల నేరుకొందురనియు గూడ చెప్పెను. ఈ గద్దల కథను నమ్మి ఏ పోటీలోను ఎవరును ప్రశ్న వేయరు. రాణి మాటను మాత్రము కన్నులార చూచి వ్రాసినట్లే గ్రహింతురు. ఒకే సాక్షి చెప్పిన రెండు మాటలలో నొకదానిని నవ్వి త్రోసివేసి, రెండవదానిని విచారింపకయే తలదాల్చుట చరిత్రపఠనము కాదు.

ఇంకొక సంగతి గలదు. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరకిన శాసనము 1289 నవంబరు నాటిది. రుద్రమదేవియు, ఆమె సేనానియైన మల్లికార్జుననాయకుడును శివలోకమున కేగిరనియు, వారి పుణ్యముకొరకు దేవునికి భూమి నిచ్చితిమనియు అందు గలదు. ఆ శాసనము వెలుగులోనికి రాకమునుపు, రుద్రమ 1295 ప్రాంతమువరకు జీవించెనని పుస్తకములలో వ్రాయుచుండిరి. మార్కో పోలో చీనానుండి బయలుదేరుట 1292 ప్రాంతమున. అనగా ఆతని ఓడ ఈ సముద్రములకు వచ్చునప్పటికి రుద్రమదేవి జీవించియే లేదు. ఆమె రాజ్యమునకు వచ్చినది 1262 ప్రాంతమున కనుక, నలువది యేండ్ల లెక్కయు కుదురదు. “దర్శించెను” అను మాటకు ఇక తావెక్కడ?

చందుపట్ల శాసనమునుబట్టియు ఒక క్రొత్త తొందరపాటు పుట్టినది. కాయస్థ అంబదేవునితో పోరాడుచు రుద్రమదేవి రణరంగమున నేలకొరిగెనని నేడు పలువురు రూఢిగా చెప్పుదురు. శాసనమున యుద్ధమను మాట లేదు, శత్రువు పేరు లేదు. రాణియు సేనానియు ఒక్కమారే మరణించుటను, ఆ కాలమున అంబదేవుడు తిరుగుబాటు చేసియుండుటను కలిపి చూచి పండితులు చేసిన ఊహ యది. ఊహ చక్కనిదే, నమ్మదగినదే. అయినను రాతిపై నున్న దానిని “ఉన్నది” అనియు, దానినుండి ఊహించినదానిని “ఊహింపబడినది” అనియు చెప్పుట పరీక్షలో ఒక పంక్తికంటె ఎక్కువ చోటు పట్టదు.

ఇట్టివి దేశాంతర చరిత్రములలోను కొల్లలు. లోకమంతయు వాడు అంకెలను ఐరోపావారు అరబ్బీ అంకెలనిరి, ఏలయన అవి వారికి అరబ్బులనుండి వచ్చినవి. అరబ్బులు వానిని హిందూ అంకెలనిరి. భూమి బల్లపరుపుగా నున్నదని నమ్మువారిని కొలంబసు ఎదిరించె నను కథ యొకటి గలదు. భూమి గుండ్రనిదని ఆనాటి ఐరోపా పండితులకు తెలియును, మన ఆర్యభటుడు అంతకు వేయేండ్లకు ముందే చెప్పెను. కొలంబసుతో వారికి వచ్చిన వాదము భూమి చుట్టుకొలతను గూర్చినది. ఆ వాదమున పండితులదే సరియైన లెక్క. కొలంబసు లెక్క తప్పు. దారిలో అమెరికా అడ్డురాకున్నచో అతడును అతని నావికులును అన్నపానీయములు లేక నశించియుందురు.

మూడవ ప్రశ్న తెలుగువారి గుండెలకు దగ్గరి విషయమును గూర్చినది. అందు తప్పిపోవుట మిక్కిలి విచారకరము. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19వ తేదీన మదరాసులో బులుసు సాంబమూర్తి యింట నిరాహారదీక్ష నారంభించి, ఏబదియెనిమిది దినములు కొనసాగించి, డిసెంబరు 15వ తేదీ రాత్రి ప్రాణములు విడిచెను. ఆయన కోరినది మదరాసు రాష్ట్రమునుండి తెలుగు ప్రాంతములను వేరుచేసి ఆంధ్రరాష్ట్రము నేర్పరుపవలెనని. ఆనాడు తెలంగాణము హైదరాబాదు రాష్ట్రమున నుండెను. ఆ రాష్ట్రమునకు వేరుగ శాసనసభయు, బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా మంత్రివర్గమును గలవు. శ్రీరాములు దీక్ష దానిని గూర్చినది కాదు. ఆయన కన్నుమూయునాటికి ఆంధ్రప్రదేశ్ అను పేరుగల రాష్ట్రమే లేదు.

ఆయన మరణించిన నాలుగవ దినమున, డిసెంబరు 19వ తేదీన, ప్రధానమంత్రి నెహ్రూ ఆంధ్రరాష్ట్రము నేర్పరతుమని ప్రకటించెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆ రాష్ట్ర మవతరించెను. పదునొకండు జిల్లాలును, బళ్లారి జిల్లానుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలును అందు చేరినవి. టంగుటూరి ప్రకాశము ముఖ్యమంత్రి యయ్యెను. ఆ రాష్ట్రమునకు హైదరాబాదు రాష్ట్రమునందలి తెలుగు జిల్లాలు కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడుట 1956 నవంబరు 1వ తేదీన జరిగెను. అప్పుడు ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణ ప్రత్యేకరాష్ట్రమయ్యెను. ఈ మూడు తేదీలును వేరు, మూడు రాష్ట్రములును వేరు. 1952 నాటి ఆత్మార్పణమును 1956 నాటి రాష్ట్రమునకు తగిలించినచో శ్రీరాములు కోరినదేమో బాలునకు తెలియదు. తెలంగాణము కలియుటకు, తరువాత విడిపోవుటకు గల వేరు కారణములును తెలియవు.

దీనికి జోడుగా నింకొక ప్రశ్నయు తరచుగా వినవచ్చును. భాషాప్రాతిపదికపై ఏర్పడిన మొదటి రాష్ట్ర మేది? ఆంధ్రరాష్ట్రమని సమాధానము. “స్వాతంత్ర్యానంతరము” అని చేర్చినపుడే ఇది సత్యము. ఒడియా భాష మాట్లాడువారికొరకు ఒరిస్సా రాష్ట్రము 1936 ఏప్రిల్ 1వ తేదీననే, ఆంగ్లేయుల పాలనలోనే ఏర్పడెను. మదరాసు రాజధానిలో నుండిన గంజాము ప్రాంతములు అపుడే అందు చేరినవి. పొరుగువారి చరిత్రమును మరచి తమదే మొదటిదని చెప్పుకొనుట తెలుగువారికి గౌరవము కాదు. ఒడియావారు ముందు నడచినారని తెలిసినంతమాత్రమున శ్రీరాములు త్యాగము తగ్గదు.

ఇంత సూక్ష్మము ఎనిమిదవ తరగతివారి కేల యని కొందరు పెద్ద లందురు. గణితమున 3.5 అని వ్రాయవలసినచోట చుక్క విడిచి 35 అని వ్రాసిన బాలునకు మార్కు ఇత్తురా? ఇయ్యరు. చరిత్రమున “ప్రదేశ్” అను మాటను అదనముగా చేర్చినవానికి మార్కు ఇచ్చుట అట్టిదే. చీటీలు వ్రాయు ఉపాధ్యాయులు ప్రశ్నను కొంచెము మార్చి, “శ్రీరాములు ఏమి కోరెను? ఏమి లభించెను?” అని అడిగినచో బాలురు సమాధానము కొరకు పుస్తకమును మరల విప్పుదురు. అపుడు వారి కొక సంగతి తెలియును. శ్రీరాములు కోరిన ఆంధ్రరాష్ట్రమున మదరాసు నగరము గూడ నుండెను. ఆ నగరము తెలుగువారికి రాలేదు. రాజధాని కర్నూలు నందయ్యెను. అచ్చట చాలినన్ని భవనములు లేకపోవుటచే ప్రభుత్వ కార్యాలయములు కొన్ని గుడారములలో నడచెను.