మౌలాలి అంటే రైల్వే స్టేషనేనా?

మొన్న ఎర్రవల్లిలో మా ఖాలా ఇంట్లో వలీమా. దస్తర్‌ఖాన్ ఎత్తాక మాటలు మొదలయ్యాయి. సిటీలో కిరాయికి దిగిన ఖాలా మనవడు "మౌలాలిలో ఉంటున్నం మామూ" అన్నాడు. "ఆ గుట్టకు ఆ పేరెట్ల వచ్చిందో ఎరుకేనా బేటా?" అని అడిగాను. "ఏమో, స్టేషన్ పేరు గద" అన్నాడు. పక్కనున్న మా ఫుప్పీ కొడుకు చెయ్యి విదిలించాడు. "అవన్నీ బేకార్ కహానీలు భాయ్. షిర్క్. పోరగాండ్లకు చెప్పకు."

ఖుషీ ఇల్లు కదా, అక్కడ బహస్ పెట్టుకోలేదు. జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ముందు కహానీ. 1578లో, ఇబ్రహీం కుతుబ్ షా హయాంలో, దర్బారు ఖ్వాజాసరా యాకూత్‌కు ఒక ఖ్వాబ్ వచ్చిందట. పచ్చ బట్టల్లో ఒక మనిషి వచ్చి, మౌలా అలీ పిలుస్తున్నారని గుట్ట మీదికి తీసుకెళ్లాడట. అక్కడ హజ్రత్ అలీ (ర.అ.) ఒక రాతి మీద చెయ్యి ఆనించి కూర్చున్నారట. తెల్లారి ఎక్కి చూస్తే ఆ రాతి మీద అరచేతి నిషాన్. దాన్ని చెక్కించి కమానులో నిలిపారు. రజబ్ నెలలో ఇప్పటికీ అక్కడ ఉర్సు జరుగుతుంది. కోహె మౌలా అలీ జనం నోట్లో మౌలాలి అయింది.

ఆ నిషాన్‌ను నమ్మాలా వద్దా, అది నీ అఖీదా. జబర్‌దస్తీ లేదు. కానీ ఆ పేరులో షిర్క్ ఎక్కడుంది భాయ్? గదీర్ ఖుమ్ దగ్గర అలీని మౌలా అన్నది మన రసూల్ (స.అ.స.). ఆ హదీసు తిర్మిజీలో కూడా ఉంది. దాని మానా దగ్గర షియా సున్నీలకు ఇఖ్తిలాఫ్ ఉంది కానీ, ఆ మాట దగ్గర లేదు.

మీ ఊరి పక్కనే చూడు. మర్కూక్ దగ్గర పదిహేను టీఎంసీల రిజర్వాయర్ కట్టి 2020లో నీళ్లు వదిలారు. పేరు కొండపోచమ్మ సాగర్. పోచమ్మ మహిమకు దలీల్ ఏదని ఏ ఇంజినీరూ అడగలేదు. అడగాల్సిన పనీ లేదు. నమ్మి మొక్కే జనం ఉన్నారు, ఆ పేరు ఉంది. ఆ పేరు పలకడానికి మన నాలుకకూ ఏ తక్లీఫ్ రాలేదు. మరి మౌలాలి దగ్గరికొచ్చేసరికి మనకే ఎందుకు షరమ్?

ఆ గుట్ట కింద మహ్‌లఖా బాయి చందా మఖ్బరా ఉంది. 1824లో ఇంతెఖాల్ అయిన ఆ షాయరా, తల్లి పక్కనే అక్కడ దఫన్ అయింది. ఉర్సుకు మనవాళ్లే కాదు, హిందువులూ మెట్లెక్కుతారు. ఇదంతా మన తవారీఖ్. కహానీని తీసిపారేస్తే ఇదీ దాంతోపాటే పోతుంది.

2018లో అలహాబాద్ ప్రయాగ్‌రాజ్ అయినప్పుడు మనమంతా స్టేటస్‌లు పెట్టి బాధపడ్డాం. ఆ గుస్సా వాజిబే. కానీ ఆ రోజు వలీమాలో మౌలాలిని ఏ సర్కారూ చెరపలేదు. మన ఇంట్లో, మన పిల్లవాడి ముందర, మనమే చెరిపాం. పేరు వెనకాల ఏముందో తెలియనివాడు రేపు ఆ బోర్డు మారుస్తుంటే ఏమని అడ్డుపడతాడు?

నిన్న ఆ పిల్లవాడికి ఫోన్ చేసి యాకూత్ ఖ్వాబ్ చెప్పాను. "ఇత్వార్ నాడు ఎక్కి చూస్త మామూ" అన్నాడు. ఫుప్పీ కొడుక్కి కోపం రావచ్చు. రానీ.