కొండముచ్చుల సంసారం

హంపీ వెళ్ళివచ్చే మన బళ్ళారి వారికి కొండముచ్చులు కొత్త కావు. ఒకదాని పిల్లను మరొక ఆడది అందుకొని లాలిస్తుంటే మన ఉమ్మడి కుటుంబమే గుర్తుకు వస్తుంది.

ఆ ముచ్చట వెనుక మరో కథ ఉన్నది. అది బయటపడింది మనకు పడమరనున్న ధార్వాడ అడవుల్లోనే. జపాను శాస్త్రజ్ఞుడు యుకిమారు సుగియామా 1961 నుంచి అక్కడ వీటి వెంట తిరిగారు. ఆ గుంపుల్లో చాలావాటికి పెద్ద మగది ఒక్కటే. తక్కిన మగవి వేరే మూకగా తిరుగుతాయి. 1962లో అలాంటి మూక ఒక గుంపుమీద పడి పెద్దను తరిమింది. గెలిచి గుంపునేలిన మగది చంటిపిల్లలను కరిచి చంపింది. ఆ తల్లులే కొద్దిరోజులకు దానితో జతకట్టాయి.

ఇది ఇరుకువల్ల పుట్టిన వెర్రి అన్నారు కొందరు పండితులు. 1971లో ఆబూ కొండకు వచ్చిన అమెరికా శాస్త్రజ్ఞురాలు సారా హర్డీ కాదన్నారు. చంటిపిల్ల పాలు తాగుతున్నంతకాలం తల్లి ఎదకు రాదు. కొత్త మగదానికి తన సంతానం కావాలి. అయితే ఆడవి ఊరుకోవు. ఈనే వయసు దాటిన ముసలిది సైతం పిల్లకోసం ఆ మగదానిమీద తిరగబడటం ఆమె చూశారు.

ఈసారి హంపీ వెళితే అరటిపండ్లు విసరకండి. దూరంగా ఒక గంట కూర్చొని, ఆ పిల్ల ఎన్ని చేతులు మారుతుందో మీ పిల్లలచేత లెక్క పెట్టించండి.