గునుగు: ఒక మొక్క, పలు పేర్లు

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల పత్తి, మొక్కజొన్న చేలలో వానకాలం చివర తెల్లని వెన్నులు తీసే మొక్కను రైతులు గునుగు అంటారు. 1753లో లిన్నేయస్ దీనికి సిలోషియా అర్జెంటియా అని నామకరణం చేశాడు. మొదటి పదానికి మూలం 'కాలిన' అని అర్థమిచ్చే గ్రీకు మాట. జ్వాలను పోలిన పూగుత్తులే అందుకు కారణం. రెండవది లాటిన్‌లో 'వెండివంటిది'. శాస్త్రనామం పువ్వు రూపాన్ని, రంగును చెబుతున్నది.

ఇతర భాషలవారు ఇందులో ఆహారాన్ని చూశారు. ఆదిలాబాద్ సరిహద్దు దాటితే మరాఠీలో ఇది కుర్డు. లేత ఆకులతో కూర వండుతారు. కన్నడంలో అణ్ణె సొప్పు. సొప్పు అంటే ఆకుకూరే. నైజీరియాలోని యొరుబా ప్రజలు దీనిని కూరగా సాగు చేస్తూ సొకొయొకొతొ అంటారు. 'భర్తను పుష్టిగా, సంతోషంగా ఉంచేది' అని భావం. ఇది తోటకూర కుటుంబపు మొక్కే కదా.

మన సస్యరక్షణ సిఫారసులలో మాత్రం ఇది కేవలం కలుపు. పంట తొలిదశలో ఆ మాట నిజమే. అయితే తంగేడుతో పాటు బతుకమ్మలో పేర్చేది ఈ గునుగునే. కలుపు మందు గట్లకూ పాకితే పువ్వుతో పాటు పేరూ మరుగవుతుంది. కాబట్టి సిఫారసులలో శాస్త్రనామం పక్కన స్థానిక నామం తప్పక ఉండాలి. చేనులో కలుపు తీయమంటూనే, గట్లపై మందు చల్లవద్దని చెప్పాలి. గింజ పండకముందే పువ్వు కోస్తే విత్తనం రాలడం తగ్గుతుంది. పండుగ, పంట రెండూ నిలుస్తాయి.